పుచ్చు వంకాయ పక్షాన

రాబోయే సంక్రాంతికి మా దాపు ఊళ్ళో జరిగే కూరగాయల ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా దయచేయమని మొన్న ఫోను వచ్చింది. రానన్నాను. "అబ్బే, మీరు లేకపోతే ఎట్లాగండీ మేస్టారూ" అన్న పెద్దమనిషి, నేను కారణం చెప్పడం మొదలుపెట్టగానే ఎవరో పిలుస్తున్నారంటూ ఫోను పెట్టేశాడు. ఆయన వినకుండా వదిలేసిన భాగమే ఈ టపా. కొంచెం పొడుగు, కొంచెం కారం కూడా. పల్నాటివాడి వ్రాతలో కారం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి గదా!

తెలుగు పండితుడికీ వంకాయలకూ ఏమి సంబంధమని మీరడగవచ్చు. వార్తాకం అన్నా వంకాయేనని చెప్పగలను, సమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పగలను. అంతకు మించి నాకు వంగతోట శాస్త్రం రాదు. అయినా మా వైపు పల్లెల్లో న్యాయనిర్ణేతకు కావలసిన అర్హతలు వేరు. ఊళ్ళో ఏ వర్గానికీ చుట్టం కాకూడదు. మైకు ముందు పది నిమిషాలు తడబడకుండా మాట్లాడాలి. ఇస్త్రీ పంచె కట్టుకుని రావాలి. ముప్పై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ మూడూ ఉన్నాయి. కనుక 2024 సంక్రాంతికి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో కండువా వేసి, నా ముందు పద్ధెనిమిది బుట్టలు పెట్టారు.

నాతోపాటు మరి ఇద్దరు నిర్ణేతలు. ఒకరు ఆ ఊరి వైద్యుడు. రెండవవారు బహుమతులు ఇస్తున్న దాత. పురుగుమందుల దుకాణం ఆయనది. మొదటి బహుమతి ఏమిటో చెబితే మీరు నవ్వుతారు, ఆనాడు నాకు మాత్రం నవ్వు రాలేదు, వింతగా కూడా తోచలేదు. మొదటి బహుమతి ఒక తైవాన్ స్ప్రేయర్, అనగా మందు కొట్టే యంత్రం.

వంకాయల పోటీకి అయిదు కిలోల బుట్ట తేవాలని నియమం. కాయలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి, నిగనిగలాడాలి, తొడిమ పచ్చగా ఉండాలి, మచ్చగానీ రంధ్రంగానీ ఉండరాదు. ఇది మా ఊరివాళ్ళు కల్పించిన నియమం కాదు. ఇంగ్లండు పల్లెల్లో కూరగాయల ప్రదర్శనలు పెట్టి ఉల్లిగడ్డలకూ గుమ్మడికాయలకూ రిబ్బన్లు కట్టేచోటా దాదాపు ఇదే కొలత. ఐరోపా సంఘమైతే 1988లో ఏకంగా చట్టమే చేసింది: మొదటి తరగతి కీరదోసకాయకు పది సెంటీమీటర్ల పొడవుకు పది మిల్లీమీటర్లకు మించి వంపు ఉండరాదట! ఇరవై ఏళ్ళు నవ్వులపాలైన తరువాత 2009లో దాన్ని ఎత్తివేశారు. వాళ్ళు నవ్వి వదిలేసినదాన్ని మనం కండువా కప్పి కూర్చోబెట్టాం.

సరే, బుట్టలు చూస్తూ పోతున్నాను. పదకొండవ బుట్ట దగ్గర ఆగాను. కాయలు చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి. రంగు మందం. పైవరుసలోనే రెండింటికి రంధ్రాలు. దుకాణదారు చిరునవ్వు నవ్వి, "ఇది ప్రదర్శనకు తెచ్చాడా, పశువులకు తెచ్చాడా?" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ బుట్టను పక్కన పెట్టించాను. మైకులో కూడా ఒక మాట విసిరాను: పోటీకి వచ్చేటప్పుడు పుచ్చులు ఏరుకుని రావాలని. జనం చప్పట్లు కొట్టారు.

బుట్ట తెచ్చినవాడు నా పాత విద్యార్థి. పేరు చెప్పను. ఎకరం కౌలుకు తీసుకుని కూరగాయలు పండించుకునేవాడు. సభ అయ్యాక బుట్ట నెత్తిన పెట్టుకుని పోతూ నా దగ్గర ఆగాడు. కోపం లేదు గొంతులో.

"ఏంది మేస్టారూ, కాయ పుచ్చితే నేను పుచ్చినట్టేనా?"

నేను పెద్దరికంగా, "అది కాదురా అబ్బాయ్, పోటీ అన్నాక ఒక నియమం ఉంటుంది గదా" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. తరువాత వారం రోజులకు మనసాగక వాడి చేనికి వెళ్ళాను. వెళ్ళకపోయి ఉంటే ఈ టపా ఉండేది కాదు, నా నిద్రా చెడేది కాదు.

ఆ చేను నాగార్జునసాగర్ కుడి కాలువ కింద, చివరి భూముల్లో ఉంది. శ్రీనాథుడి పేర చెప్పే చాటువుల్లో మా సీమను రాళ్ళకూ జొన్నకూటికీ ఎగతాళి చేశారని మీకు తెలిసిందే. 1967లో కాలువకు నీళ్ళు వదిలాక ఆ ఎగతాళి కొంత తీరింది. మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు మిరప వచ్చింది, పత్తి వచ్చింది, వంగా బెండా వచ్చాయి. కాని కాలువ నీరు కాలువ మొదటివాడికి హక్కు, చివరివాడికి ప్రార్థన. 2023లో ఆ ప్రార్థన కూడా ఫలించలేదు. ఆ ఏడు ఆగస్టు నెల దేశం మొత్తంమీద 1901 తరువాత అత్యంత తక్కువ వాన కురిసిన ఆగస్టు. సరిగ్గా ఆ నెలలోనే వీడు నారు నాటాడు. సాగర్‌లో నీళ్ళు లేవు, పక్క రైతు బోరు నుంచి గంటల లెక్కన కొనుక్కుని మొక్కను బతికించాడు.

ఎండ ముదిరితే పచ్చదోమ వస్తుందని ఈ వయసులో నాకు నా విద్యార్థి నేర్పాడు. అది ఆకు రసం పీల్చడంతో పోదు, వెర్రి తెగులును మొక్కనుంచి మొక్కకు మోసుకుపోతుంది. వెర్రి తెగులు పట్టిన వంగ చూశారా మీరెప్పుడైనా? ఆకులు గోరంత చిన్నవై, గుత్తులు గుత్తులుగా పుట్టి, పూత ఆకుగా మారిపోతుంది. చెట్టు చూడటానికి మహా గుబురుగా ఉంటుంది, కాయ ఒక్కటి రాదు. ఆ పేరు పెట్టిన అజ్ఞాత రైతు ఎవరో గాని, నిఘంటుకారులకు పాఠం చెప్పదగినవాడు. మందు లేదు, పీకి తగలబెట్టడమే. వీడు పాతిక మొక్కలకు ఒకటి చొప్పున పీకాడు.

అక్టోబరులో కాపు మొదలైంది, దానితోపాటే కొమ్మా కాయా తొలిచే పురుగు. ఇది వంకాయకు పుట్టుశత్రువు. రెక్కల పురుగు గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు పుట్టిన కొద్దిసేపటికే లేత కొమ్మలో దూరుతుంది. కొమ్మ చివర వాలిపోతుంది. కాయలు వచ్చాక కాయలో దూరి, దూరిన రంధ్రాన్ని తన రెట్టతోనే మూసేసుకుంటుంది. ఇక మీరు పైన ఎంత మందు కొట్టినా అది లోపల కోటలో రాజు. కనుక మందు కొట్టవలసింది పురుగు గుడ్డునుంచి బయటికి వచ్చి లోపలికి దూరే ఆ కొద్దిపాటి వ్యవధిలోనే. ఆ వ్యవధి ఎప్పుడో రైతుకు తెలియదు. తెలియదు గనుక వారానికి రెండుసార్లు కొడతాడు. వంకాయ కోత నాలుగైదు రోజులకొకసారి. మందు డబ్బామీద, కొట్టిన తరువాత ఇన్ని రోజులు ఆగి కోయాలని వ్రాసి ఉంటుంది. కొన్నిటికి మూడు నాలుగు రోజులు, కొన్నిటికి మూడు వారాలదాకా. ఆగితే కాయ ముదిరిపోతుంది. ముదిరితే కొనేవాడు లేడు. ఈ లెక్క మూడవ తరగతి పిల్లవాడికి కూడా తెగుతుంది: ఎవరూ ఆగరు.

వీడు ఆగాడు. అదీ వీడి నేరం. వాడిన కొమ్మలను రోజూ తుంచి సంచిలో వేసి తగలబెట్టాడు. లింగాకర్షక బుట్టలు పెట్టాడు. వేపగింజల కషాయం కాచాడు. తప్పనిసరైనప్పుడు మందు కొట్టాడు కూడా, ఆ సంగతి దాచలేదు. మూడుసార్లు కొట్టానని, కొట్టిన ప్రతిసారీ మధ్యలో ఒక కోత కోసి పశువులకు వేశానని చెప్పాడు. గోడకు వేలాడుతున్న క్యాలెండరులో తేదీలు పెన్సిలుతో గుర్తుపెట్టి ఉన్నాయి. వాడి చేతివ్రాత మారలేదు, 'మ'కూ 'య'కూ ఇప్పటికీ తేడా తెలియదు.

నవంబరు 30 తెల్లవారుజామున సాగర్ ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి, మనవాళ్ళు సగం ఆనకట్టను అధీనంలోకి తీసుకుని, కుడి కాలువకు నీళ్ళు వదిలిన కథ మీకు గుర్తుండే ఉంటుంది. తాగునీటికని చెప్పారు. ఆ నీరు వీడి చేనిదాకా రానే లేదు, అయిదు రోజుల్లో ఆకాశమే వచ్చింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నాలుగు నెలలు కొనుక్కున్న నీరు రెండు రోజులు మొక్క మొదట్లో నిలిచింది. వేరు కుళ్ళింది. సగం పైగా చేను వాలిపోయింది.

నష్టపరిహారం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. మూడో వంతు పంట పోతే పెట్టుబడి రాయితీ ఉంటుంది. కౌలుదారుకు అది రావాలంటే 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు ఉండాలి. కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. యజమాని పెట్టలేదు. పెడితే భూమి పోతుందని ఆయన భయం. ఇరవై వేల కౌలు మాత్రం ముందే తీసుకున్నాడు.

మిగిలిన మొక్కలకు చచ్చీ చెడీ కాసిన కాయలే ఆ పదకొండవ బుట్ట. ఎండనూ, దోమనూ, వెర్రినీ, పురుగునూ, తుఫానునూ దాటి వచ్చిన అయిదు కిలోలు. నేను దాన్ని మైకులో వెక్కిరించాను.

ఇక మొదటి బహుమతి బుట్ట సంగతి. గెలిచిన రైతు మర్యాదస్తుడు. ఆ బుట్టను ఆ సాయంత్రమే మా ఇంటికి పంపాడు. మా ఆవిడ గుత్తివంకాయ చేసింది, రుచిగానే ఉంది. పది రోజుల తరువాత బజారులో కనిపిస్తే, కాయకు ఆ నిగనిగ ఎట్లా వచ్చిందయ్యా అని అడిగాను. అమాయకంగా చెప్పాడు: "ముందు రోజు సాయంత్రం మందూ, షాపాయన ఇచ్చిన టానిక్కూ కలిపి కొట్టానండీ. లేకపోతే స్టేజీ మీద కాయ నిలబడదు గదండీ." అతణ్ణి నేను తప్పుపట్టను. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో తెలిసిన పిల్లవాడు ఆ పాఠమే చదువుతాడు. ప్రశ్నపత్రం తయారుచేసినవాణ్ణి నేను.

ముప్పై రెండేళ్ళు తరగతిలో వేమన మేడిపండు పద్యాన్ని బోధించినవాణ్ణి. పైమెరుపు చూసి మోసపోవద్దని చెప్పి, తాత్పర్యం వ్రాయించి, మార్కులు వేసినవాణ్ణి. ఆ సంక్రాంతినాడు మాత్రం పైమెరుపునే కొలిచాను. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పురుగున్న కాయ పవిత్రమైనది, పురుగులేని కాయ విషం అని తేలికగా ఒక సూత్రం చెప్పేవాళ్ళు పట్నాల్లో చాలామంది తయారయ్యారు. అది అబద్ధం. పురుగు లోపల దాక్కున్నప్పుడు పది సార్లు మందు కొట్టిన కాయకూ రంధ్రం ఉంటుంది. ఒక్కసారీ కొట్టని కాయ అదృష్టవశాత్తు అద్దంలా ఉండవచ్చు. కాయ చర్మం ఏ సాక్ష్యమూ చెప్పదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలమీద వాడరాదని 2005లోనే నిషేధించారు. ఆ నిషేధాన్ని ఎవరు పాటించారో, ఎవరు పాటించలేదో, బుట్టను చూసి చెప్పగల న్యాయనిర్ణేత భూమ్మీద లేడు. నా వాదమంతా ఇంతే: చర్మం సాక్ష్యం చెప్పదు గనుక, చర్మాన్ని చూసి తీర్పు చెప్పేవాడు న్యాయమూర్తి కాడు.

మా సీమలో పోటీలంటే అల్పమైన విషయమనుకోకండి. కోడిపందెంలో ఓడి రాజ్యం విడిచి అరణ్యవాసం పోయిన వీరగాథ మాది. ఈనాటికీ ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలకు జనం ఎట్లా వస్తారో చూడండి. అక్కడ పాలపళ్ళ గిత్తలు వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు. నోరు తెరిచి పళ్ళు చూసి మరీ వర్గం నిర్ణయిస్తారు. బండ బరువు అందరికీ తెలుసు. గడియారం అందరి ముందూ నడుస్తుంది. ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. ఎద్దు కొమ్ములకు ఎన్ని రంగులు వేసినా, మెడలో ఎన్ని గంటలు కట్టినా, బండ ఒక్క అడుగు అదనంగా కదలదు. అంటే, పనిని కొలవడం మనకు తెలియక కాదు. ఎద్దు విషయంలో చేసే న్యాయం మనిషి విషయంలో చేయడం లేదు, అంతే.

ఇందుకు ఎదురుగా వచ్చే మాటలు నాకు తెలుసు. "మేస్టారూ, పుచ్చు వంకాయను బజారులో ఎవరు కొంటారు?" అంటారు. ఎవరూ కొనరు. నేనూ కొనను. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు, మధ్యన దళారి పోయాడని మనమంతా సంతోషించాం. దళారి పోయినచోట దళారి కన్ను మాత్రం మనకే వచ్చింది. ఒక్కొక్క కాయనూ తిప్పి తిప్పి, సూది మొన పట్టేంత చుక్క కనపడితే విసిరేస్తాం. మనం విసిరేసిన ఆ కాయ తిరిగి రైతు గంపలో పడి, మరునాటి మందు డబ్బా అవుతుంది. వంటింట్లో చాకు ఉంది గదా, పుచ్చు మేరకు తీసి పారేసి మిగతాది వండుకోవచ్చు గదా అంటే, అయిదు రూపాయల కాయ దగ్గర అంత శ్రమ ఎందుకంటారు. మా అమ్మ ఉప్పునీళ్ళలో తరిగి వేసేటప్పుడు ప్రతి ముక్కనూ చూసేది. చూడటం వంటలో భాగమనుకునేది తప్ప రైతు చేసిన మోసమనుకునేది కాదు.

"అయితే బీటీ వంకాయ రానిస్తే పోయేది గదా" అనేవారు మరి కొందరు. ఈ పురుగు కోసమే ఆ విత్తనం తయారైంది. హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపి, 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానిమీద మారటోరియం ప్రకటించారు. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. ఎవరిది ఒప్పో తేల్చగల శాస్త్రజ్ఞానం నాకు లేదు, కాని ఒకటి గమనించాను. అప్పట్లో విత్తనం గురించి దేశమంతా వాదించింది. వాదించినవాళ్ళంతా ఆ సాయంత్రం కూరగాయల కొట్టుకు వెళ్ళి, నిగనిగలాడే వంకాయనే ఏరుకున్నారు. పచ్చదోమకూ వెర్రికీ తుఫానుకూ కౌలుకూ ఏ విత్తనమూ మందు కాదు.

ప్రకృతి సేద్యం మిత్రులతోనూ నాకు చిన్న తగాదా ఉంది. వారి పని మీద గౌరవం ఉంది. అయితే పట్నంలో వారు పెట్టే దుకాణాల్లో కూడా వంకాయ అద్దంలాగే ఉంటున్నది, ధర మాత్రం రెట్టింపు. పుచ్చులు ఏరి ఎక్కడ పారబోస్తున్నారు, ఆ నష్టం ఎవరి ఖాతాలో వ్రాస్తున్నారు, చెప్పండి ముందు. నిజానికి నా విద్యార్థి ఏ సేద్యానికీ చెందడు. చేతనైనంత తక్కువ కొట్టాడు, కొట్టినప్పుడు ఆగాడు. అటువంటివాడికి ఏ జెండా కిందా చోటు లేదు, ఏ ప్రదర్శనలోనూ బహుమతి లేదు.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 2025 సంక్రాంతికి మళ్ళీ నన్ను పిలిచారు. బుట్టలో చర్మాన్ని కాక చేనును చూసి నిర్ణయిద్దామని ముందుగానే చెప్పాను. "వచ్చే ఏడు చూద్దామండీ" అన్నారు. మొహమాటానికి వెళ్ళాను, అది నా రెండవ తప్పు. ఆ రోజు ఏడవ బుట్ట నా విద్యార్థిది. కాయలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. ఊదారంగు మీద వెలుగు జారిపోతున్నది. దుకాణదారు భుజం తట్టాడు. రెండవ బహుమతి వచ్చింది. వాడు వేదిక దిగి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి, పరీక్ష పాసైన పిల్లవాడి ముఖంతో, "ఈసారి ఒక్క పుచ్చు లేదు మేస్టారూ, చూశారా?" అన్నాడు.

"ఎన్నిసార్లు కొట్టావురా?"

"లెక్కపెట్టలేదండీ. పద్నాలుగో పదిహేనో. షాపులో అప్పు పెట్టాను, పంట మీద తీర్చాలి."

క్యాలెండరు సంగతి అడగలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. వాడికి బడిలో ఆరేళ్ళు పాఠం చెప్పి 'మ'కూ 'య'కూ తేడా నేర్పలేకపోయాను. మైకు ముందు ఒక్క నిమిషంలో చెప్పిన పాఠాన్ని మాత్రం వాడు కంఠతా పట్టాడు.

అందుకే ఈసారి రానన్నాను. ఆ పెద్దమనిషికి చెప్పదలచుకున్నది ఇది. ప్రదర్శన మానేయమని నేనడగను. రైతు తన పంటను పదిమందికీ చూపుకోవాలనుకోవడం ముచ్చటైన విషయం. కాని నిర్ణేతలను కార్తీకంలో చేలకు తీసుకుపొండి, పురుగు ఉధృతంగా ఉన్నప్పుడు. బుట్టతోపాటు క్యాలెండరు కూడా బల్లమీద పెట్టించండి: ఏ తెగులు వచ్చింది, ఏమి కొట్టాడు, ఎన్నాళ్ళు ఆగాడు. అబద్ధం వ్రాస్తారంటారేమో. వ్రాస్తారు కొందరు. పక్క చేనువాడు ఊరుకోడు లెండి, బండలాగుడులో అడుగు తప్పు కొలిస్తే ఊరుకుంటున్నాడా? పోటీకి వచ్చిన కాయలను మూడు బుట్టలకు ఒకటి చొప్పునైనా ప్రయోగశాలకు పంపించండి. తైవాన్ స్ప్రేయర్ కొనే డబ్బులో కొంత దానికి పెట్టండి. మందు అమ్మేవారిని సభకు పిలవండి, కండువా కప్పండి, నిర్ణేత కుర్చీలో మాత్రం కూర్చోబెట్టకండి. తీర్పులో ఆయనకు లాభం ఉంది. ఈ మాట నేను ఆయన ముఖాన కూడా అనగలను. ఆయన మంచివాడే, అప్పు ఇచ్చేది ఆయనొక్కడే కూడాను.

ఇవన్నీ ఒప్పుకుంటే పంచె ఇస్త్రీ చేయించుకుని ముందు వరుసలో ఉంటాను. ఫోను మళ్ళీ రాలేదు.

మొన్న ఆదివారం మా విద్యార్థి ఇంటికి వచ్చాడు, చిన్న గుడ్డసంచీతో. పంట అమ్మకానిది కాదట. గట్టు మీద ఇంటి మట్టుకు నాలుగు మొక్కలు వేరే వేసుకున్నాడు, వాటికి మందు కొట్టడు. "మీకోసం తెచ్చాను మేస్టారూ, పుచ్చులుంటాయి, ఏమీ అనుకోకండి" అన్నాడు. మా ఆవిడ కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. పదకొండు కాయల్లో నాలుగింటికి పురుగు. తరిగి పుచ్చు తీసేయగా మిగిలినదాంతో మా ఇద్దరికీ రెండు పూటలకు కూర వచ్చింది.